వరద కాలువలో మురుగు: ఎక్కడిదో తేల్చాల్సింది ఎవరు?

ప్రశ్న: మా కాలనీ పక్కనున్న వరద నీటి కాలువలో నడి ఎండాకాలంలోనూ మురుగు పారుతోంది. ఫిర్యాదు చేస్తే, “ఏ ఇంటి పైపు కలిసిందో చూపించండి, తీయిస్తాం” అంటున్నారు. మేమెలా చూపించగలం?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చూపించాల్సింది మీరు కాదమ్మా. ఒకరి ఇంట్లోకి వెళ్లి పైపులు చూసే అధికారం మీకు లేదు, అధికారులకు ఉంది. వాన లేని రోజున కూడా కాలువలో మురుగు పారుతోందని మీరు చూపిస్తే చాలు.

అందుకు ఫోన్ సరిపోతుంది. వానలు లేని రోజుల్లో తెల్లవారుజామున ఒకసారి, స్నానాలు, బట్టలుతకడం సాగే వేళ మరోసారి, ఒకే చోట నిలబడి తేదీ, సమయం కనిపించేలా వీడియో తీయండి. పొద్దెక్కేకొద్దీ నీరు పెరిగి నురగ తేలితే అది ఇళ్లనుంచి వస్తోందన్న అనుమానం బలపడుతుంది. రోజంతా ఒకే తీరుగా, తేటగా పారితే మంచినీటి పైపు లీకేజీ కూడా కావచ్చు. ఈ తేడా తేలకుండా పక్కింటివారి పేరు ఫిర్యాదులో రాయకండి.

తలచుకుంటే మూలం పట్టుకోవడం అధికారులకు కష్టం కాదు. కాలువ చివరినుంచి ఎగువకు ఒక్కో మ్యాన్‌హోల్ మూత తీసి చూస్తూ పోవాలి. దిగువది తడిగా, ఎగువది పొడిగా ఉంటే ఆ రెంటి మధ్యే కనెక్షన్ ఉన్నట్టు. అక్కడి ఇళ్ల మరుగుదొడ్లలో హాని లేని రంగు నీళ్లు పోస్తే, కలిసిన పైపు ఏదో కాలువలో తేలే రంగే చెబుతుంది. పైపులోకి పొగ ఊదడం, కెమెరా పంపడం కూడా ఉన్నాయి. ఒక్కోసారి వెతగ్గా వెతగ్గా బయటపడేది ఏ ఇంటి పైపూ కాదు. పూడిపోయిన డ్రైనేజీ లైను పొంగకుండా ఎప్పుడో సిబ్బందే కాలువకు కలిపిన పైపు. అందుకే, “మీరే చూపించండి” అని జనాన్ని తిప్పి పంపడం అన్యాయం.

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం తెలిసి తెలిసి ప్రవాహాల్లోకి కాలుష్యం వదలకూడదు, వదలనివ్వకూడదు. “ఇది వానాకాలపు కాలువే కదా” అన్న వాదన చెల్లదు. ప్రస్తుతానికి ఎండిపోయి ఉన్న నీటి దారిని కూడా ఆ చట్టం ప్రవాహంగానే లెక్కిస్తుంది. విశాఖలో గెడ్డల పక్కన ఉండేవారికీ ఇదే వర్తిస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి అధికారులు 23వ సెక్షన్ కింద లోపలికి వెళ్లి తనిఖీ చేయవచ్చు, 21 కింద నమూనా తీయవచ్చు. మీరు సీసాలో పట్టిన నీటికన్నా, పద్ధతిగా తీసి సీలు వేసిన ఆ నమూనాకే కోర్టులో బలం. దాన్ని రాతపూర్వకంగా కోరండి.

హైదరాబాద్‌లో మురుగు లైన్లు జలమండలివి, వరద కాలువలు కార్పొరేషన్‌వి. విడివిడిగా వెళితే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. అందుకని ఒకే ఫిర్యాదును వారిద్దరికీ, కాలుష్య నియంత్రణ మండలికీ ఇచ్చి, రసీదులు తీసుకోండి.

నిధులు లేవంటారేమో. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో మురుగు భరించలేక జనం మేజిస్ట్రేటును ఆశ్రయిస్తే, అక్కడి మున్సిపాలిటీ కూడా డబ్బు లేదనే చెప్పింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్, మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ సాకును ఒప్పుకోలేదు. ఆ కేసుకు ఆధారమైన సీఆర్‌పీసీ 133వ సెక్షన్ స్థానంలో ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ ఉంది. దాని కింద ఆర్డీవోకు అర్జీ పెట్టవచ్చు.

సమాచార హక్కు కింద 10 రూపాయలతో కాలువ మ్యాపు, తనిఖీ నివేదికలు అడగండి. జరుగుతున్న పనులను స్వయంగా పరిశీలించే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. జవాబుకు గడువు 30 రోజులు.

కాలనీవాళ్లు కలిసి ఎవరైనా కూలీని మ్యాన్‌హోల్‌లోకి దించాలని చూస్తే మాత్రం అడ్డుకోండి. లోపలి విషవాయువు ప్రాణం తీస్తుంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించి మురుగు లైను శుభ్రం చేయించడం 2013 చట్టం కింద నేరం, తొలిసారికే రెండేళ్ల వరకు జైలు పడవచ్చు.

ఎవరూ కదలకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్లవచ్చు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. సమస్య మొదలైన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి; తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. మీరు ఎండాకాలంలోనే చూశారు కాబట్టి, ఫిర్యాదులకు జవాబు వచ్చేదాకా ఆగకుండా పిటిషన్‌కు కావలసిన కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి.