పగటి దీపం

‘సూర్యుని ముందు దివిటీ’ అని లోకోక్తి. వ్యర్థమైన ప్రయత్నాన్ని గూర్చి పెద్దలు చెప్పిన మాట అది. అయితే నేటి కార్ల ముందుభాగాన పట్టపగలు వెలిగే దీపాలు వ్యర్థాలు కావు. దీపానికి ప్రయోజనాలు రెండు: చూపించడం, కనిపించడం. హెడ్‌లైటు దారిని చూపిస్తుంది. పగటి దీపం వాహనపు ఉనికిని ఎదుటివారికి తెలుపుతుంది.

ఇంజను మొదలుకాగానే ఈ దీపాలు వాటంతట అవే వెలుగుతాయి. హెడ్‌లైట్లు వేయగానే ఆరిపోతాయి లేదా మందగిస్తాయి. తక్కువ విద్యుత్తుతో తెల్లని కాంతినిచ్చే ఎల్.ఇ.డి.లు వచ్చాక ఇవి కనుబొమల వలె, నెలవంకల వలె వింత రూపాలు దాల్చాయి. శీతకాలంలో పగలు మిక్కిలి కుదించుకుపోయే స్వీడన్ 1977లోనే పగటిపూట దీపాలను తప్పనిసరి చేసింది. ఐరోపా సమాఖ్య 2011 నుండి కొత్త నమూనా కార్లకు వీటిని విధించింది. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుండి కొత్త ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైటు ఎల్లవేళలా వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది.

పుష్యమాసపు ఉదయాలలో కోనసీమ దారులను పొగమంచు కప్పివేస్తుంది. ఒక ప్రక్క కాలువ, మరొక ప్రక్క వరిచేలు. నడుమ ఇరుకైన గట్టుదారి. అక్కడ ఎదుటి వాహనాన్ని ముందుగా గుర్తించడం ప్రాణరక్షణమే. కాని చాలా కార్లలో పగటి దీపాలు ముందు మాత్రమే వెలుగుతాయి. వెనుకనున్న ఎర్ర దీపాలు వెలగవు. ముందు వెలుగును చూచి అన్నీ వెలుగుతున్నాయని డ్రైవరు భ్రమపడితే, వెనుక వచ్చే ధాన్యపు లారీకి ఆ కారు కనిపించదు. కనుక మంచులో లోబీమ్ హెడ్‌లైట్లు వేయాలి; వాటితోపాటు వెనుక దీపాలూ వెలుగుతాయి. హైబీమ్ కాంతినైతే మంచు మన కళ్ళలోకే తిప్పికొడుతుంది.

దారి చూచుకొని నడవడం జాగ్రత్త. ఇతరులకు కనిపించేటట్లు నడవడం బాధ్యత.