క్రాసింగ్ పిల్లలకు పూల పాఠం

అమ్మాయీ,

ఉత్తరం అందింది. రోజూ నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బస్సెక్కి, శిరివెళ్ల దాటి, మళ్లీ ఆటో పట్టుకుని పాఠాలు చెప్పడానికి బడికి పోతున్నావంటే నీ ఓపికకు మెచ్చుకోవాల్సిందే. పిల్లలకు చదువు మీద ధ్యాస లేదనీ, ఫస్టు వచ్చినవాళ్లకు బహుమతులు పెడితే దారికొస్తారేమోననీ రాసినావు. ముందు ఆ బహుమతుల సంగతి. తొందరపడొద్దు.

లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ శిశుబడిలో చేసిన పరీక్ష ఒకటుంది, 1973లో అచ్చయింది. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశ పెట్టినారు. కొందరికి చెప్పకుండా ఇచ్చినారు. ఇంకొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్లకు చూస్తే, ఆశ పెట్టిన పిల్లలు తక్కినవాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మల జోలికి పోయినారు. ఇష్టంగా చేసే పని కూలి పనైపోయింది. కూలి అంటే ఏమిటో మన పిల్లలకు బడిలో కూడా నేర్పాలా చెప్పు?

ఆగస్టు దాటితే బెంచీలు ఖాళీ అవుతున్నాయన్నావు. విత్తనం కోసం పెంచే సీడు పత్తిలో చేత్తో పూలు కలిపే క్రాసింగ్ కాలం కదా. ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ వైపు ఇది ఈనాటిది కాదు. పిల్లలైతే కూలి తక్కువ, ఆ మొక్కల ఎత్తుకు వంగే పని లేదు, వేళ్లు సన్నగా ఉంటాయి అని లెక్క వేసి మరీ పనికి పెట్టుకున్న చేలు ఇవి. ‘ఈ తల్లిదండ్రులకు చదువు అక్కర్లేదు’ అని స్టాఫ్‌రూంలో ఎవరో ఒకరు అంటుంటారు. నమ్మొద్దు. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వేలమంది పిల్లల్ని పని మాన్పించి బడికి తెచ్చిందంటే, బీదవాళ్లకూ పిల్లల్ని చదివించాలనే ఉంటుందని నమ్మి మొదలుపెట్టబట్టే. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఆ పనికే.

ఇప్పుడు నీ సబ్జెక్టు జీవశాస్త్రానికి వస్తా. పరాగసంపర్కం పాఠం నువ్వు బోర్డు మీద బొమ్మ గీసి మొదలుపెడితే వాళ్లు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. ఒక మందారం పువ్వు పట్టుకుపో. పత్తి, బెండ, మందారం ఒకే కుటుంబం; మూడింట్లోనూ కేసరాలన్నీ కలిసి కీలం చుట్టూ గొట్టంలా ఉంటాయి. పువ్వు చేతికిచ్చి ఒక్క ప్రశ్న వెయ్యి: ‘సీడు పత్తిలో మొగ్గను ముందురోజు సాయంత్రమే ఎందుకు ఒలుస్తారు?’ అని. ‘మీలో క్రాసింగ్‌కు పోయేదెవరు?’ అని మాత్రం పొరపాటున కూడా అడగొద్దు. ఆ మాటకు తల దించుకున్న పిల్ల మళ్లీ ఆ పీరియడంతా ఎత్తదు.

ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు చూడు. బొటనవేలి గోటితో రేకులూ కేసరాల గొట్టమూ కలిపి ఒలిచేయడం, లోపల కీలానికి గీత కూడా పడకుండా చూసుకోవడం, పొద్దున్నే మగ పువ్వు తెచ్చి రుద్దడం, ఒక మగ పువ్వు నాలుగైదింటికి సరిపోవడం, అన్నీ ఆ పిల్లే చెప్తుంది. తెల్లారితే పువ్వు విచ్చుకుని దాని పుప్పొడి దాని మీదే పడిపోతుందని కూడా ఎవరో అంటారు. పుస్తకంలో విపుంసీకరణ అని నోరు తిరగని పేరున్నది ఈ ఒలుపుకేనని అప్పుడు చెప్పు, ముందు కాదు. ఫస్టు ర్యాంకు పిల్లవాడు ఆ రోజు వెనకబెంచీ పిల్ల దగ్గర నేర్చుకుంటాడు. అది క్లాసంతా చూస్తుంది.

అట్లాగని చేనే బడి అని పొగడొద్దు. ఆ పిల్ల ఉండాల్సింది నీ క్లాసులోనే. కాకపోతే తనకు ఏమీ రాదన్న నమ్మకంతో వచ్చిన పిల్లకు, వచ్చినదేదో ముందు కనబడాలి. పిల్లలకు హుషారు వచ్చేది ‘నాకూ వచ్చింది’ అనిపించినప్పుడే గానీ, బడి అసెంబ్లీలో అబ్దుల్ కలాం గారి మాటలు చదివినందుకు కాదు. ఆళ్లగడ్డ రోడ్డు మీద శిల్పాలు చెక్కేచోట బస్సు దిగి కాసేపు నిలబడి చూడు. కొత్తగా చేరినవాడికి స్వామి ముఖం అప్పజెప్పరు, అలాగని ఊరికే కూర్చోబెట్టరు. వాడి చేతికి తగ్గ రాయి, తగ్గ ఉలి ఇస్తారు. నువ్వు ఇచ్చే ప్రశ్నలూ అట్లుండాలి.

పదిరోజులు మానేసి వచ్చినవాడిని గుమ్మం దగ్గరే ‘ఏం దొరగారూ, దారి గుర్తుందా?’ అనడం మనవాళ్లకు సరదా. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం మాట అటుంచు, ఆ ఎత్తిపొడుపుతోనే మర్నాటి నుంచి మానేసేవాళ్లుంటారు. ‘వచ్చినావా, మంచిది, ఈ రెండు పేజీలు చాలు, మధ్యాహ్నం అన్నం తిన్నాక నా దగ్గరికి రా’ అంటే పోతుంది.

నోట్సు దిద్దేటప్పుడు ‘గుడ్’ అని రాసి సంతకం కొట్టొద్దు. ‘బొమ్మలో కీలాగ్రం సరిగ్గా పెట్టినావు, అండాశయం మరిచిపోయినావు’ అని రాయి. నలభై పుస్తకాలకు అట్లా రాయడం కష్టమే, కాదనను. రోజుకు ఎనిమిదే దిద్దు.

దసరా సెలవులకు వస్తావు కదా, ఓ పది పుస్తకాలు వెంట తెచ్చుకో, కలిసి దిద్దుదాం. మీ పెద్దమ్మ ఓళిగలు చేస్తానంటోంది.

నీ
పెద్దనాయన