గోడకూ చక్రానికీ మధ్య అర మీటరు: వీధి సర్క్యూట్ మీద జూనియర్ల రేసు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున మన దేశపు తొలి ఫార్ములా ఈ రేసు జరిగింది. నెక్లెస్ రోడ్డు, సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్ పరిసరాల రోడ్లనే కలిపి 2.835 కిలోమీటర్ల సర్క్యూట్‌గా మార్చారు. అందులో 18 మలుపులు. ఆ రోజు మొదటి స్థానం నుంచి బయలుదేరిన జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్‌ను హెయిర్‌పిన్ మలుపులో ఢీకొట్టింది ప్రత్యర్థి కాదు, సొంత జట్టులోని సామ్ బర్డే. ఇద్దరి రేసూ అక్కడితో ముగిసింది. హెయిర్‌పిన్ అంటే జడపిన్నులా వెనక్కి తిరిగే మలుపు. వీధి సర్క్యూట్‌లో కార్లు అతి నెమ్మదిగా వెళ్లేది అక్కడే, ఎక్కువగా ఒకదానికొకటి తగులుకునేదీ అక్కడే.

వాళ్లిద్దరూ ఏళ్ల అనుభవం ఉన్న వృత్తి డ్రైవర్లు. మరి ఇలాంటి రోడ్డు మీదకే 15, 16 ఏళ్ల పిల్లలు వస్తే? వస్తున్నారు కూడా. గో-కార్ట్‌ల దశ దాటిన కుర్రకారు సింగిల్ సీటర్ కార్లలోకి అడుగుపెట్టడానికి అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఎఫ్‌ఐఏ రూపొందించిన తొలి మెట్టు ఫార్ములా 4. 2014లో ఇటలీలో మొదలైన ఈ తరగతిలో 15 ఏళ్లు నిండితే చాలు, పోటీకి దిగవచ్చు. మన దేశంలో ఫార్ములా 4 చాంపియన్‌షిప్ పోటీలు 2023లో మొదలయ్యాయి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కిలోమీటర్ల, 19 మలుపుల వీధి సర్క్యూట్‌పై ఫ్లడ్‌లైట్ల వెలుగులో ఈ పిల్లలు పోటీపడ్డారు. నిజానికి ఆ రేసు 2023 డిసెంబరులోనే జరగాల్సింది. మిచౌంగ్ తుపాను తెచ్చిన వరదల వల్ల వాయిదా పడింది. చివరికి జరిగినప్పుడు కూడా మొదటి రోజు వాన పడి, సన్నాహాలు ఆలస్యమయ్యాయి.

ఈ కార్ల ఇంజన్లు, ఛాసిస్‌లు అన్నీ ఒకే రకం. డబ్బున్న జట్టు మెరుగైన ఇంజన్ కొనుక్కునే వీలు లేదు. కాబట్టి తేడా అంతా డ్రైవర్ చేతిలో, కాలిలో, కంటిలో ఉంటుంది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో చూడాలంటే ఒక్క మలుపు చాలు.

ఒక మలుపు లెక్క

జంషెడ్‌పూర్ బారిడీహ్‌లో ఇంటి వీధి నుంచి పెద్ద రోడ్డులోకి బైక్ తిప్పే వారికైనా, ఫార్ములా 4 డ్రైవర్‌కైనా వర్తించే సూత్రం ఒకటే. వాహనం తిన్నగా పోవాలని చూస్తుంది. దాన్ని మలుపు కేంద్రం వైపు లాగే బలం టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణ నుంచే రావాలి. ఆ ఘర్షణకు ఒక హద్దుంది. ఆ హద్దు దగ్గర వేగం ఎంతో చెప్పే లెక్క ఇది:

వేగం వర్గం = ఘర్షణ గుణకం × గురుత్వ త్వరణం × మలుపు వ్యాసార్థం

ఇందులో బరువు ప్రస్తావనే లేదని గమనించండి. కారు బరువు పెరిగితే ఘర్షణ బలం పెరుగుతుంది, తిప్పడానికి కావలసిన బలమూ అంతే పెరుగుతుంది. రెండూ కొట్టివేతకు పోతాయి. మిగిలేవి రోడ్డు పట్టు, వ్యాసార్థం.

వ్యాసార్థం రోడ్డు వేసిన ఇంజనీరు నిర్ణయించేదే కదా అనిపిస్తుంది. పూర్తిగా కాదు. 10 మీటర్ల వెడల్పున్న రోడ్డు 90 డిగ్రీలు తిరుగుతోందనుకుందాం. లోపలి అంచు వ్యాసార్థం 7 మీటర్లు. కారు వెడల్పును లెక్కలోకి తీసుకుంటే, కారు మధ్యభాగం ఏ అంచుకూ ఒక మీటరు కంటే దగ్గరగా పోలేదు. అంటే డ్రైవర్ వాడుకోగలిగింది 8 మీటర్ల వెడల్పు. బుద్ధిగా రోడ్డు మధ్యలోనే తిరిగితే ఆ దారి వ్యాసార్థం 12 మీటర్లు. రేసు టైరుకు ఘర్షణ గుణకం 1.4 అనుకుంటే వేగం గంటకు 46 కిలోమీటర్లు దాటదు.

ఇప్పుడు అదే కారు బయటి గోడను ఒరుసుకుంటున్నట్టుగా మలుపులోకి వచ్చి, మధ్యలో లోపలి అంచును తాకి, మళ్లీ బయటి గోడ దగ్గరకు జారుకుంటూ బయటపడిందనుకోండి. జ్యామితి ప్రకారం ఆ చాపం వ్యాసార్థం దాదాపు 35 మీటర్లు. వేగం గంటకు 79 కిలోమీటర్లు! రోడ్డు అదే, టైరు అదే, కారు అదే. కాగితం మీద వృత్తలేఖినితో గీసి చూస్తే ఎవరికైనా తేలిపోతుంది. రేసింగ్ లైన్ అని పిలిచే గీత రహస్యం ఇంతే.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. భయపడిన కుర్రాడు రెండు వైపులా గోడకు అదనంగా ఒక్క అర మీటరు వదిలాడనుకుందాం. చాపం వ్యాసార్థం 35 నుంచి 32 మీటర్లకు తగ్గుతుంది. వేగం గంటకు 76 కిలోమీటర్లు. పోయింది 3 కిలోమీటర్లే కదా అని తీసిపారేయలేం. మలుపు నుంచి తక్కువ వేగంతో బయటపడిన కారు ఆ తర్వాతి తిన్నని రోడ్డు పొడవునా ఆ లోటును మోసుకుపోతుంది. ఇలాంటి మలుపులు 19 ఉన్నాయి. అందుకే ప్రాక్టీస్‌లో ఒక్కో ల్యాప్‌కూ పిల్లలు గోడకు దగ్గర దగ్గరగా జరుగుతూ పోతారు. మామూలు రేస్ ట్రాక్ మీద హద్దు దాటితే గడ్డిలోకో, కంకరలోకో పోయి తిరిగి రావచ్చు. వీధిలో ఆ హద్దు కాంక్రీటు. గీత ఎక్కడుందో తెలుసుకోవాలంటే దానికి ఆనుకునేంత దగ్గరకు వెళ్లాలి, ఆనుకుంటే సస్పెన్షన్ విరుగుతుంది. పదహారేళ్ల వయసులో నేర్చుకోవలసిన పాఠంగా ఇది కాస్త కఠినమైనదే.

రెక్కలు సాయపడవా అని కొందరు అడగవచ్చు. రేసు కార్ల ముందు వెనుక రెక్కలు గాలిని పైకి మళ్లించి కారును నేలకు అదుముతాయి. కానీ ఆ బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. గంటకు 200 కిలోమీటర్ల దగ్గర ఉన్న బలం 50 కిలోమీటర్ల దగ్గర పదహారో వంతే. హెయిర్‌పిన్‌లో రెక్కలు దాదాపు అలంకారమే.

రోడ్డు కూడా మారుతూ ఉంటుంది

నిన్నటి దాకా బస్సులు, ఆటోలు తిరిగిన రోడ్డు ఇది. తారు మీద సన్నటి దుమ్ము, ఒలికిన నూనె, లేన్ల కోసం వేసిన రంగు గీతలు ఉంటాయి. ఆ రంగు మీద తడి పడితే టైరు పట్టు ఎంత పోతుందో వానాకాలంలో బైక్ నడిపేవారికి చెప్పక్కర్లేదు. వాన నీరు పక్కలకు పోవడానికి నగర రోడ్లను మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా వేస్తారు. రేసింగ్ లైన్ ఆ ఉబ్బును అడ్డంగా దాటుతుంది కాబట్టి, ఒకే మలుపులో ముందు ఒక పక్కకు, తర్వాత మరో పక్కకు వాలు తగులుతుంది.

పట్టు తగ్గితే ఏమవుతుందో బ్రేకుల లెక్క చూపుతుంది. గంటకు 200 నుంచి 50 కిలోమీటర్లకు తగ్గాలి. గురుత్వ త్వరణానికి ఒకటిన్నర రెట్లు బ్రేకు పడితే దాదాపు 98 మీటర్లు సరిపోతాయి. దుమ్ము వల్ల అది 1.2 రెట్లకే పరిమితమైతే 123 మీటర్లు కావాలి. తేడా 25 మీటర్లు. ఉదయం ప్రాక్టీస్‌లో గుర్తుపెట్టుకున్న బ్రేకు స్థానం సాయంత్రానికి తప్పు అవుతుంది, అదీ మంచి వైపుకే. కార్లు తిరిగిన కొద్దీ టైర్ల రబ్బరు తారు రంధ్రాల్లో అతుక్కుని, ఆ ఒక్క గీత మీద పట్టు పెరుగుతూ పోతుంది. గీత దాటితే మాత్రం దుమ్మే. అందుకే ముందు కారును దాటడానికి పక్కకు జరిగిన డ్రైవర్ ఉన్నట్టుండి వేరే రోడ్డు మీద ఉన్నట్టే.

మ్యాన్‌హోల్ మూతల సంగతి వేరే. రేసు కారు అడుగున గాలి వేగంగా పోతుంది, అక్కడ పీడనం పడిపోతుంది, మూత పైకి లేస్తుంది. 2019లో బాకూలో జార్జ్ రసెల్ కారును, 2023లో లాస్ వేగాస్‌లో కార్లోస్ సైంజ్ కారును ఇలాంటి మూతలే ధ్వంసం చేశాయి. అవి ఫార్ములా 1 కార్లు. ఫార్ములా 4 కార్ల కింద పీల్పు అంత ఉండదు. అయినా వీధి సర్క్యూట్ సిద్ధం చేసేటప్పుడు ప్రతి మూతనూ బిగించక తప్పదు.

ఒక సెకను ఎంత దూరం?

టీవీలో రెండు కార్ల మధ్య తేడాను సెకన్లలో చూపిస్తారు. సెకను అంటే దూరం ఎంత? గంటకు 200 కిలోమీటర్ల దగ్గర 55 మీటర్లకు పైనే. 50 కిలోమీటర్ల దగ్గర 14 మీటర్లు. కార్లు సెకనులో మూడో వంతు కంటే తక్కువ తేడాతో, అంటే 0.3 సెకన్ల దూరంలో, వరుసగా వస్తున్నాయనుకోండి. తిన్నని రోడ్డు మీద ఒక కారు ముక్కు నుంచి మరో కారు ముక్కుకు 17 మీటర్లు ఉంటాయి. హెయిర్‌పిన్‌లో అదే 0.3 సెకన్లు 4 మీటర్లుగా ముడుచుకుంటుంది. దాదాపు కారు పొడవే అంత. అంటే ఆ తేడాతో హెయిర్‌పిన్‌లోకి రావడమే అసాధ్యం: వెనుక కారు ముందుగానే బ్రేకు వేయాలి, దాని వెనుకది ఇంకా ముందుగా. రేసు మొదలైన తొలి ల్యాప్‌లో కార్లన్నీ గుంపుగా ఉంటాయి. వరుస చివరి నుంచి వచ్చేవాళ్లకు ఇరుకు మలుపు దగ్గర కదలని గోడలా ముందు కార్లు కనిపిస్తాయి. జూనియర్ రేసుల్లో తొలి ల్యాప్ గొడవలకు పిల్లల దుడుకుతనాన్నే నిందించడం పరిపాటి. అంకగణితానికీ అందులో వాటా ఉంది.

ఇదే ఇరుకు ముందున్నవాడికి వరం. హైదరాబాద్ రేసులో జాన్-ఎరిక్ వెర్న్ గెలిచింది అలాగే. చివరి ల్యాప్‌లలో అతని బ్యాటరీలో వెనుక వస్తున్న నిక్ కాసిడీ కంటే తక్కువ శక్తి మిగిలి ఉంది. అయినా మలుపుల దగ్గర లోపలి దారిని మూసేస్తూ గమ్యం దాకా నిలబడ్డాడు.

గోడ దగ్గరగా ఉంటే మంచిదా, చెడ్డదా?

650 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దాని గతిజ శక్తి 2.5 లక్షల జౌళ్లు. ఆ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. కాంక్రీటుకు ఎదురుగా గుద్దుకుని, కారు ముందుభాగం 30 సెంటీమీటర్లు నలిగి ఆగిందనుకుంటే, లోపలి మనిషిపై సగటున గురుత్వానికి 130 రెట్ల త్వరణం పడుతుంది. గోడ ముందు టైర్ల కట్టలో, ప్లాస్టిక్ దిమ్మెల వరుసో ఉండి, ఆగే దూరం 1.2 మీటర్లకు పెరిగితే అది 33 రెట్లకు దిగుతుంది. దూరం నాలుగింతలైతే దెబ్బ నాలుగో వంతు. హెల్మెట్ లోపలి నురగ చేసేదీ ఇదే.

అయితే తిన్నని రోడ్డు పక్కన గోడ దగ్గరగా ఉండటం కొంతవరకు మేలే, వినడానికి వింతగా ఉన్నా. అదుపు తప్పిన కారు దగ్గరి గోడను చిన్న కోణంలో తాకుతుంది. 20 డిగ్రీల కోణంలో తగిలితే గోడకు లంబంగా ఉన్న వేగం గంటకు 34 కిలోమీటర్లే. ఆ దిశలోని శక్తి మొత్తంలో 12 శాతం. మిగతాది గోడ వెంబడి రాసుకుంటూ కరుగుతుంది. గోడ దూరంగా ఉంటే కారు తిరగబడి, ఎదురుగా గుద్దుకునే అవకాశం పెరుగుతుంది. అందుకే రోడ్డు పక్కన నున్నటి కాంక్రీటు సరిపోతుంది. తిన్నని రోడ్డు చివర, కారు ముక్కు నేరుగా గోడను చూసే చోట మాత్రం మెత్తటి అడ్డు తప్పనిసరి. ఎక్కడ ఏది పెట్టాలో తేల్చడం ఎఫ్‌ఐఏ తనిఖీలో ముఖ్యమైన భాగం.

ఈ లెక్కలకు అందని ఘటన 2018 నవంబరులో మకావ్‌లో జరిగింది. జూనియర్ రేసులకు పేరుమోసిన వీధి సర్క్యూట్ అది. 6.12 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద 1983లో తొలి ఫార్ములా 3 రేసు గెలిచింది అయర్టన్ సెన్నా. జర్మనీకి చెందిన 17 ఏళ్ల సోఫియా ఫ్లోర్ష్ కారు గంటకు 276 కిలోమీటర్ల వేగంతో అదుపు తప్పి, వెనక్కి తిరిగి, అంచు మీద నుంచి గాలిలోకి లేచి, అడ్డుగోడ పైనుంచి ఎగిరి ఫొటోగ్రాఫర్లు నిలబడే కట్టడానికి గుద్దుకుంది. నేల వదిలిన కారుకు టైరు ఘర్షణ లేదు, గోడ లేదు. ఆమె వెన్నుపూస విరిగింది. శస్త్రచికిత్సకు దాదాపు 11 గంటలు పట్టింది. డ్రైవర్ చుట్టూ ఉండే గట్టి కార్బన్ ఫైబర్ పెట్టె మాత్రం నలగలేదు. ఇప్పటి ఫార్ములా 4 కార్లలో ఆ పెట్టెకు తోడు తల చుట్టూ హేలో అనే లోహపు చట్రం కూడా ఉంటుంది.

మరుసటి ఏడాది, 2019 నవంబరులో, ఫ్లోర్ష్ మళ్లీ మకావ్ వెళ్లి అదే సర్క్యూట్‌పై, అదే మలుపులో కారు తిప్పింది.