శిశుసంరక్షణము ఎవరి ధర్మము?

విద్యార్థులారా! బిడ్డను గని పాలిచ్చుట ప్రకృతి తల్లికి మాత్రమే యొసగిన పని. నీళ్లు పోయుట, అన్నము తినిపించుట, నిద్రపుచ్చుట, జ్వరము వచ్చినపుడు ఆసుపత్రికి గొనిపోవుట మున్నగునవి యెవరైనను నేర్చి చేయదగిన పనులు. లోకము ఈ రెండు విధముల పనులను వేఱుపఱుపక, అన్నిటిని తల్లి పేరనే వ్రాసికొన్నది. ఇందువలన గలుగు నష్టమును విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన నల్లజర్ల మెట్టసీమను జూడుడు. తోటపనులకును, పొగాకు పనులకును భార్యాభర్త లిరువురును తెల్లవారగనే కూలికి బోవుదురు. దిగువనున్న కొల్లేటిసీమలో వరినాట్లును, కలుపుతీతయు మిక్కిలిగా స్త్రీలే చేయుదురు. సంపాదించువారు ఇరువురు, అయినను, “బిడ్డ నెవరి కప్పగించి వచ్చితివి?” అని తల్లి నడుగుదురే గాని తండ్రి నడుగరు. తల్లి పనికి బోయిన దినమున ఆ భారము తండ్రిపై బడదు. అమ్మమ్మమీదికో, నాయనమ్మమీదికో, వారు లేనిచో పెద్దకూతురిమీదికో జారును. చెల్లెలిని జూచుకొనుటకై బడి మానిన అక్క హాజరుపట్టీలో గైరుహాజరుగా మాత్రమే కనబడును. కారణ మందు వ్రాయబడదు. అదే పనికై అన్నను బడి మాన్పించుట అరుదు.

చట్టములును చిరకాలము ఈ యూహనే యనుసరించినవి. 1948వ సంవత్సరపు కర్మాగారముల చట్టము ప్రకారము, శిశుగృహము నేర్పరుపవలసిన విధి అందు పనిచేయు స్త్రీల సంఖ్యనుబట్టియే కలిగెడిది. మొదట 50 మందికి మించియు, 1976 సవరణమునకు పిమ్మట 30 మందికి మించియు స్త్రీలున్నచో ఆ గది యుండవలెను. పురుషులు వందలకొలదిగా పనిచేసినను, వారికిని బిడ్డలున్నను, వారు ఆ లెక్కకు రారైరి. 2005లో చేయబడిన గ్రామీణ ఉపాధిహామీ చట్టము, స్త్రీలవెంట పనిచోటికి వచ్చిన ఆరేండ్లలోపు బిడ్డలు ఐదుగురైనను, అంతకు మించినను, వారిని జూచుటకు ఆ స్త్రీలలో నొకతెను నియమింపవలెనని చెప్పెను. నియమము మేలైనదే. కాని బిడ్డ స్త్రీవెంటనే వచ్చుననియు, స్త్రీయే చూడవలెననియు రెండూహలు అందు గలవు.

మఱియొకవంక, 1956వ సంవత్సరపు హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము తండ్రిని సహజ సంరక్షకునిగను, అతని తరువాత తల్లిని పేర్కొనెను. అందే, ఐదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లియొద్ద నుండవలెనని కలదు. అనగా అధికారము తండ్రిది, చాకిరి తల్లిది! 1999లో గీతా హరిహరన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, “తరువాత” అనగా తండ్రి మరణానంతరమని మాత్రమే అర్థము గాదని తీర్పు చెప్పి, ఈ యెగుడుదిగుడును కొంత సరిచేసెను.

లెక్కించు పద్ధతియు మాఱసాగినది. 2017లో ప్రసూతి చట్టమును సవరించినపుడు సెలవును 12 వారములనుండి 26 వారములకు బెంచిరి. శిశుగృహమునకు స్త్రీలను మాత్రమే గాక మొత్తము ఉద్యోగులను లెక్కించి, 50 మంది యున్న చాలుననిరి. అయినను దినమునకు నాలుగు పర్యాయములు పోయి బిడ్డను జూచు అనుమతి తల్లికే యిచ్చిరి. సెలవంతయు తల్లి పేరనే యుండి, దాని వ్యయమంతయు యజమానిపై బడినపుడు, అతడు స్త్రీని పనిలో జేర్చుకొనుటకు వెనుదీయవచ్చును. తండ్రియు బిడ్డకొఱకు సెలవడిగిన నవ్వులపాలగును. ఒకే యూహ తల్లికి బత్తెమును, తండ్రికి బిడ్డ సాంగత్యమును తగ్గించుచున్నది.

2019లో కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ పరిశీలనము ప్రకారము, ఇంటివారి సంరక్షణమున బాల్గొన్న స్త్రీలు సగటున దినమునకు 134 నిమిషములును, పురుషులు 76 నిమిషములును వెచ్చించిరి. జీతములేని ఇంటిపనిలో ఆ సంఖ్యలు 299, 97. ఇంటిపని చేసిన స్త్రీ, అట్టి పురుషునికంటె 202 నిమిషములు, అనగా మూడుగంటలకు పైగా, అధికముగా శ్రమించినదన్నమాట.

పురుషునికి ఈ పనులు చేతగావని కొందఱందురు. మన గోదావరిసీమలో పెండ్లిండ్లకు వందలమందికి వండివార్చు వంటవారు పురుషులే గదా! కూలి దొరకునపుడు చేతనగు పని, ఇంట చేతగాకపోవుట యెట్లు? కొఱతపడినది నేర్పు గాదు, అలవాటు. ప్రపంచమును ఈ సంగతిని మెల్లగా గ్రహించినది. అంతర్జాతీయ కార్మికసంస్థ 1965లో చేసిన సిఫారసు కుటుంబభారముగల స్త్రీలనుగూర్చియే. 1981లో చేసిన 156వ ఒప్పందము కుటుంబభారముగల కార్మికులనుగూర్చి, స్త్రీపురుషుల నిరువురను సమానముగా నుద్దేశించినది.

విద్యార్థులారా! ఒక అభ్యాసము చేయుడు. కాగితముపై నొక దినపు 24 గంటలు వ్రాసి, మీ యింట తల్లి, తండ్రి, అక్క, అన్న ఏ గంటలో ఏ పని చేసిరో యెదురుగా గుర్తింపుడు. విశ్రాంతి యెవరి వరుసలో తక్కువగా నున్నదో చూడుడు. పిమ్మట, బాలురారా, అందొక పనిని మీ వరుసలోనికి మార్చుకొనుడు. తమ్ముని అన్నము తినిపించి బడికి దెచ్చిన అన్నవలన, అక్క హాజరును నిలుచును. సంరక్షణము నేర్చిన బాలుడే రేపు సంరక్షకుడను పేరునకు దగిన తండ్రి యగును.