పెనుకొండ బండ యెన్నాళ్లకు అరుగును?

విద్యార్థులారా, హిందూపురమునుండి ధర్మవరము పోవు రైలులో కిటికీ ప్రక్కను కూర్చుండిన మీరు, పెనుకొండ దగ్గఱ ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు గుండ్లను చూచియుందురు. వానిని పేర్చినవా రెవరును లేరు. నేలలోపల బండకు నిలువుగను అడ్డముగను నెఱ్ఱెలుండును. వాననీరు వానిలోనికి దిగి, మూలలను మూడు వైపులనుండి తినును గనుక మూలలు ముందు పోయి నడుమ గుండు మిగులును. గ్రానైటులోని ఫెల్డ్‌స్పారు నీటివలన బంకమన్నగును. పలుగు ఇసుకయై నిలుచును. చేతితో నలిపిన పొడియగు మన గరుసు ఇట్టిదే. పిమ్మట మన్ను కొట్టుకొనిపోగా గుండ్లు బయటపడును.

పగటి యెండకు వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచించుటచేతనే బండ పగులునని నేను ట్రెయినింగు కళాశాలలో నేర్చుకొంటిని. అట్లే చాలకాలము బోధించితిని. ఒకనాడు, తండ్రి రాళ్లు కొట్టు పనివాడైన యొక బాలుడు లేచి, “అయ్యవారూ, బండమీద మంట పెట్టితేగాని పొర లేవదు. ఎండకే లేచేటట్లయితే మా నాయనకు అంత కట్టె యెందుకు?” అనెను. నాకు ఉత్తరము తోఁచలేదు. ఆ రాత్రి పుస్తకములు వెదకితిని. అమెరికా దేశపు గ్రిగ్స్ అను శాస్త్రజ్ఞుడు గ్రానైటు ముక్కను 89,400 మార్లు కాచి చల్లార్చి, ఫలితమును 1936లో ప్రకటించెను. అది 244 సంవత్సరముల పగళ్లకును రాత్రులకును సమానము. పొడిగానున్నంతవఱకు రాయి చెక్కుచెదరలేదు. నీటితో చల్లార్చినప్పుడు కొలది దినములలోనే మార్పు కనబడెను. ఎండయు పగుళ్లను కొంత పెంచునని యిటీవలి పరిశోధకులు చూపిరి గాని, నీటిని మఱచిన నా పాఠము సరికాదు. మఱునాడు తరగతిలోనే దిద్దుకొంటిని.

ఇక కాలము సంగతి. ఆకాశమునుండి వచ్చు విశ్వకిరణములు తగిలి, పైపొరలోని పలుగునందు బెరీలియము-10 అను పదార్థము కొద్దికొద్దిగా పుట్టును. బండ మెల్లగా అరిగినకొలది అది యెక్కువగా చేరును. దానిని కొలిచి లెక్కకట్టగా, లోకమందలి పలుచోట్ల బోడిబండలు సగటున పదిలక్షల ఏండ్లకు 12 మీటర్లు అరుగుచున్నవని 2011లో ప్రకటించిరి. అనగా నూఱేండ్లకు మిల్లీమీటరు మీద కొంచెము. మన్ను కప్పిన బండ తడి నిలుచుటచే తఱచుగా ఇంతకంటె త్వరగా చివుకును.

లేపాక్షి నందిని చూడుడు. ఆ గుడి పని అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) జరిగినది. సగటు లెక్క చొప్పున ఇప్పటికి సుమారు 6 మిల్లీమీటర్లు అరిగియుండవలెను. అయినను మెడలోని గంటలు, హారములు స్పష్టముగా నున్నవి. మన బండ సగటు కంటె గట్టిదని నా యూహ. వాన తక్కువ సీమ గదా!

ఆ బాలుని తండ్రి మంట పెట్టి లేపు బండ 12 సెంటీమీటర్ల మందమైన, ఆ లెక్కకు వాన దానిని అరగదీయుటకు పదివేల ఏండ్లు పట్టును. ఈ లెక్క పలకమీద వేసి చూపగా, బాలుడు కొంతసేపు ఊరకుండి, “తీసినచోట మరల ఎప్పుడు మొలుచును?” అని యడిగెను. మొలవదు నాయనా, అంటిని. అది సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట, నేలకు మిక్కిలి లోతున, కరగిన రాయి చల్లారి గట్టిపడినది.