మోకీలు మార్పిడి తర్వాత ఐస్ పెట్టవచ్చా?

ప్రశ్న: అమ్మకు మోకీలు మార్పిడి జరిగి పది రోజులైంది. సాయంత్రానికి వాపు వస్తోంది. ఐస్ పెట్టి క్రేప్ బ్యాండేజీ కట్టవచ్చా? – ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కట్టవచ్చమ్మా. ఐస్‌ను పలుచటి తువ్వాలులో చుట్టి 15–20 నిమిషాలు పెట్టి తీసేయండి. కుట్ల చుట్టూ కొన్నాళ్లు స్పర్శ మందంగా ఉంటుంది కాబట్టి చర్మం దెబ్బతింటున్నా ఆమెకు తెలియకపోవచ్చు. షుగర్ ఉంటే మరీ జాగ్రత్త. మధ్యమధ్య మీరే తీసి చూడండి. డ్రెస్సింగ్ తడవకూడదు. బ్యాండేజీని కింది నుంచి పైకి చుట్టండి, పైకి వచ్చేకొద్దీ బిగువు తగ్గాలి. కాలివేళ్లు చల్లబడినా, నీలంగా మారినా వెంటనే విప్పేయండి. దిండు మడమ కిందే పెట్టండి. మోకాలి కింద పెడితే కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది.

పిక్కలో నొప్పి, జ్వరం, చీము ఉంటే ఆ రోజే సర్జన్‌కు చూపించండి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి.