కోనసీమలో చమురు, సహజవాయు బావులు: పంట భూములపై పర్యావరణ ప్రభావ అంచనా, నివారణ చర్యలు

గోదావరి పాయలైన గౌతమి, వైనతేయ, వసిష్ఠ తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన కోనసీమలో వరి, కొబ్బరి ప్రధాన పంటలు. ఈ భూముల అడుగునే కృష్ణా–గోదావరి బేసిన్‌కు చెందిన చమురు, సహజవాయు నిక్షేపాలు ఉన్నాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో గ్యాస్ ఎగదన్ని, మంటలు రెండు నెలలకు పైగా కొనసాగాయి. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ గొట్టం పేలి 20 మందికి పైగా మరణించారు, కొబ్బరి తోటలు కాలిపోయాయి. ఇటువంటి ప్రమాదాలు వెంటనే అందరి దృష్టికి వస్తాయి. నేలలో, నీటిలో నెమ్మదిగా వచ్చే మార్పు మాత్రం దిగుబడి తగ్గిన తరువాతే తెలుస్తుంది. అప్పటికి దాని కారణాన్ని నిరూపించాలంటే బావి తవ్వకానికి ముందు భూమి, నీరు ఎలా ఉండేవో తెలిపే కొలతలు ఉండాలి. కనుక కొత్త బావి ప్రతిపాదన వచ్చినప్పుడు ఏ కాలంలో, ఎక్కడ, ఏమి కొలవాలన్నది ముఖ్యమైన ప్రశ్న.

ప్రాంతాన్ని బట్టి అంచనా

పరిశ్రమ ప్రభావం పంటకు చేరే మార్గం అన్నిచోట్లా ఒకటి కాదు. పల్నాడు వంటి సున్నపురాయి ప్రాంతంలో సిమెంటు కర్మాగారం ప్రతిపాదిస్తే అంచనాలో మొదటి స్థానం దుమ్ముకు ఇవ్వాలి. క్షార గుణం గల ఆ దుమ్ము ఆకులపై పొరగా పేరుకొని పత్రరంధ్రాలను మూసివేస్తుంది, పైమట్టి ఉదజని సూచికను పెంచుతుంది. అందువల్ల అక్కడ గాలి వీచే దిశ, గని లోతు, భూగర్భ జలమట్టం కీలకమవుతాయి. కోనసీమలో సున్నపురాయి లేదు. ఇక్కడి సమస్య పల్లపు నేల, కాలువ నీరు, మురుగు నీటి పారుదల చుట్టూ తిరుగుతుంది. తీర మండలాల్లో పలుచని మంచినీటి పొర కింద ఉప్పునీరు ఉంటుంది. కాబట్టి ఇక్కడ అంచనా నీటి మార్గాలతో మొదలు కావాలి.

చట్టం చెప్పేది

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం పర్యావరణ అనుమతికి నాలుగు దశలు ఉన్నాయి: ప్రాజెక్టు వర్గీకరణ, అధ్యయన పరిధి నిర్ణయం, ప్రజాభిప్రాయ సేకరణ, నిపుణుల పరిశీలన. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదిక కలెక్టరు కార్యాలయంలోను, స్థానిక సంస్థల వద్దను అందుబాటులో ఉండాలి. దాని సారాంశం తెలుగులో ఉండాలి.

చమురు, సహజవాయు ఉత్పత్తి ప్రాజెక్టులు ఈ దశలన్నింటికీ లోబడి ఉంటాయి. అయితే 2020 జనవరి 16 నాటి సవరణతో అన్వేషణ బావులను 'బి2' వర్గంలోకి మార్చారు. ఈ వర్గానికి పూర్తి ప్రభావ అంచనా నివేదిక గాని, ప్రజాభిప్రాయ సేకరణ గాని అవసరం లేదు. అంటే అన్వేషణ బావి చుట్టుపక్కల పొలాల పూర్వస్థితి ఎక్కడా నమోదు కాకపోయే అవకాశం ఉంది. అటువంటి చోట రైతులు, స్థానిక సంస్థలు తమంతట తాముగా నమూనాలు తీయించుకోవడం అవసరం.

ఒక్క ఋతువు సమాచారం చాలదు

పూర్వస్థితి నమోదుకు సాధారణంగా వర్షాకాలం మినహా ఏదైనా ఒక ఋతువు సమాచారాన్ని అంగీకరిస్తున్నారు. మెట్ట ప్రాంతంలో ఇది కొంతవరకు సరిపోవచ్చు. డెల్టాలో మాత్రం ఏడాదిలో మూడు వేర్వేరు స్థితులు కనిపిస్తాయి.

మొదటిది, దాళ్వా కాలం. కాలువల్లో మంచినీరు పారుతుంది కనుక లవణ సూచిక తక్కువగా నమోదవుతుంది. రెండవది, ఏప్రిల్–మే నెలల్లో కాలువలు కట్టివేసే సమయం. మురుగు కాలువల్లో మంచినీటి ఒత్తిడి తగ్గి సముద్రపు పోటు లోపలికి ఎగదన్నుతుంది, బావుల్లో ఉప్పదనం పెరుగుతుంది. మూడవది, సార్వా కాలంలో వరదలు, తుఫానులు వచ్చే నెలలు. మురుగు కాలువలు పొంగి, ఒకచోట నిలిచిన నీరు చాలా పొలాలకు వ్యాపిస్తుంది.

డిసెంబరు–ఫిబ్రవరి మధ్య మాత్రమే నమూనాలు తీస్తే మిగిలిన రెండు స్థితులూ నివేదికలో ఉండవు. కాబట్టి కోనసీమలో కనీసం మూడుసార్లు, అంటే జనవరిలో, మే రెండవ పక్షంలో, సెప్టెంబరు–అక్టోబరులో, అవే స్థలాల నుంచి నమూనాలు తీయాలి.

కొలవవలసిన అంశాలు

నేల: ప్రతిపాదిత స్థలం నుంచి నీరు పారే దిశలోను, దానికి ఎగువనను గుర్తించిన పొలాల్లో 0–15, 15–30, 30–60 సెం.మీ. లోతుల నుంచి మట్టి తీయాలి. ఉదజని సూచిక, లవణ సూచిక, సోడియం శాతం, సేంద్రియ కర్బనం, బేరియం, కాడ్మియం, పాదరసం, నూనె అవశేషాలు పరీక్షించాలి. వరికి నేల సంతృప్త ద్రావణ లవణ సూచిక మీటరుకు 3 డెసీ సైమన్లు దాటితే, ఆపై పెరిగే ఒక్కొక్క యూనిట్‌కు దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుంది.

నీరు: పంట కాలువ, బోదె, మురుగు కాలువ, తాగునీటి బావుల నుంచి విడివిడిగా నమూనాలు తీయాలి. సాగునీటి లవణ సూచిక 0.7 లోపు ఉంటే ఇబ్బంది లేదు, 3 దాటితే వాడకంపై తీవ్రమైన పరిమితి ఉంటుంది.

పంట: కొబ్బరి లవణాన్ని కొంతవరకు తట్టుకుంటుంది కనుక చెట్టు పచ్చగా ఉన్నంత మాత్రాన నేల బాగుందని భావించరాదు. పూగుత్తి తొలి దశ నుంచి కాయ పక్వమయ్యే వరకు సుమారు మూడున్నర సంవత్సరాలు పడుతుంది. నేటి నష్టం రెండు మూడేళ్ల తరువాతి దింపుల్లో కూడా కనిపించవచ్చు. అందువల్ల గుర్తించిన చెట్ల 14వ ఆకు విశ్లేషణతో పాటు గడచిన మూడేళ్ల దింపుల లెక్కలు నమోదు చేయాలి. కొబ్బరికి సంబంధించి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం, వరికి సంబంధించి మార్టేరు ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తల సలహా పొందవచ్చు.

ఉప్పు ఎక్కడిదో గుర్తించడం

కోనసీమలో ప్రతి ఉప్పు సమస్యకూ పరిశ్రమే కారణం కాదు. మలికిపురం మండలం కేశనపల్లి పరిసరాల్లో శంకరగుప్తం మురుగు కాలువ గుండా వచ్చిన సముద్రపు నీటి వల్ల ఇటీవల కొబ్బరి తోటలు దెబ్బతిన్నాయి. రొయ్యల చెరువుల నీరు మరొక కారణం కావచ్చు. చమురు, గ్యాస్‌తో పాటు భూగర్భం నుంచి పైకి వచ్చే ఉప్పునీరు ఇంకొకటి. సముద్రపు నీటిలో సల్ఫేటు లీటరుకు సుమారు 2,700 మి.గ్రా. ఉంటుంది, బేరియం చాలా తక్కువ. చమురు బావుల ఉప్పునీటిలో సాధారణంగా సల్ఫేటు తక్కువగా, బేరియం ఎక్కువగా ఉంటుంది. అందువల్ల లవణ సూచిక ఒక్కటే కాక ఈ రెండింటినీ కొలిస్తే మూలాన్ని గుర్తించడం సులభమవుతుంది. తవ్వకానికి ముందరి కొలతలు కూడా ఉంటే రైతుకు న్యాయమైన పరిహారం దక్కుతుంది. సంబంధం లేని నష్టాన్ని సంస్థపై మోపే అవకాశమూ తగ్గుతుంది.

ప్రభావాన్ని తగ్గించే చర్యలు

స్థలం ఎంపిక: పంట బోదెలు, మురుగు కాలువలు, తాగునీటి చెరువులకు దూరంగా ఉన్న మెరక స్థలానికి ప్రాధాన్యం ఇవ్వాలి. స్థలాన్ని మెరక చేసినా, దారి వేసినా నీటి సహజ పారుదల ఆగకుండా తగినన్ని తూములు ఏర్పాటు చేయాలి. లేకుంటే ఎగువ పొలాల్లో ముంపు కాలం పెరిగి నారుమళ్లు, ఊడ్పులు దెబ్బతింటాయి.

తవ్వకపు బురద: నీటి ఆధారిత బురదనే వాడాలి. అందులో కలిపే బెరైటులో పాదరసం కిలోకు 1 మి.గ్రా., కాడ్మియం 3 మి.గ్రా. మించరాదని నిబంధన ఉంది. బురద గుంటలకు చొరబాటును నిరోధించే ప్లాస్టిక్ పొర వేయాలి. గట్ల ఎత్తును సగటు వర్షపాతాన్ని బట్టి కాక, 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 తుఫాను వంటి అనుభవాలను దృష్టిలో ఉంచుకొని నిర్ణయించాలి. సాధ్యమైనంతవరకు వరద నెలలకు ముందే గుంటలను ఖాళీ చేయాలి.

ఉప్పునీరు: బావి నుంచి వచ్చే ఉప్పునీటిని ఏ పరిస్థితిలోనూ మురుగు కాలువలోకి వదలరాదు. శుద్ధి చేసి, అనుమతించిన లోతైన పొరల్లోకి తిరిగి పంపడం మేలు.

గ్యాస్ మంట: సాధారణంగా ఎత్తైన గొట్టం ద్వారా వాయువును మండించాలి. దాని వల్ల పక్క పంటలు దెబ్బతినే చోట నేలమట్టపు మంటను అనుమతిస్తూ, చుట్టూ వేడిని తట్టుకొనే ఇటుకలతో కనీసం 5 మీటర్ల గోడ ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. ఈ అంశాన్ని అనుమతి షరతుల్లో స్పష్టంగా చేర్పించాలి.

భూమి పునరుద్ధరణ: పని ప్రారంభానికి ముందే 15–20 సెం.మీ. పైమట్టిని తీసి వేరుగా నిల్వ చేయాలి. బావి మూసివేసిన తరువాత కంకర పూర్తిగా తొలగించి, గట్టిపడిన అడుగు పొరను లోతుగా దున్ని, పైమట్టి తిరిగి పరచాలి. ఉప్పు చేరిన చోట మురుగు సౌకర్యం కల్పించి మంచినీటితో రెండు మూడుసార్లు నీరు పెట్టి తీసివేయాలి. ఆ తరువాత జీలుగ పెంచి పూత దశలో కలియదున్నాలి. కౌలుకు తీసుకున్న భూమి విషయంలో ఈ బాధ్యతను ఒప్పందంలోనే రాయించుకోవాలి.

రైతులు, పంచాయతీల పాత్ర

ప్రజాభిప్రాయ సేకరణ జరిగే చోట రైతులు మూడు ప్రశ్నలు లిఖితపూర్వకంగా ఇవ్వాలి: నమూనాలు ఏ నెలల్లో తీశారు? మురుగు నీరు ఏ కాలువలో కలుస్తుంది? పరిహారానికి ఏ కొలతలు ప్రాతిపదిక? సభలో నమోదైన ప్రతి అభ్యంతరానికి తుది నివేదికలో సమాధానం ఉండాలి. అనుమతి పొందిన సంస్థలు షరతుల అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదికలు సమర్పించాలి. వాటిని పంచాయతీలు తెప్పించుకొని, తమ వద్ద ఉన్న కొలతలతో పోల్చి చూడాలి.

సభ లేని అన్వేషణ బావుల విషయంలో మండల వ్యవసాయాధికారి సమక్షంలో నమూనాలు తీయాలి. తీసిన తేదీ, సర్వే నంబరు, లోతు రాసి, సీలు వేసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి. ఫలితాల ప్రతులను పంచాయతీలో, రైతు వద్ద భద్రపరచాలి. తవ్వకపు యంత్రాలు రాకముందే ఈ పని పూర్తి కావాలి.